కింది వీధి వంతు

మా ఊళ్లో ఎవరైనా చనిపోతే ఆ ఇంటికి తొమ్మిది రోజులపాటు నీళ్లు వస్తాయి.

ఎక్కడా రాసిపెట్టిన నియమం కాదు ఇది. మా సాన్ ఒనోఫ్రేలో నీళ్లు వంతుల ప్రకారం వదులుతారు. ఏడు వీధులు, ఏడు వంతులు. చావు జరిగిన ఇంట్లో తొమ్మిది సాయంత్రాలు ప్రార్థన ఉంటుంది. వచ్చినవాళ్లకి మొక్కజొన్న జావ కాచాలి, పిండిని ఆకుల్లో చుట్టి తమాలెలు ఉడికించాలి, ఆ గిన్నెలన్నీ కడగాలి. అందుకని ఆ రోజు ఏ వీధి వంతైతే ఆ వీధివాళ్లు ఒక గంట నీళ్లు ఆ ఇంటికి వదిలేస్తారు. చావింటివాళ్లు వెళ్లి అడగరు. వీధిలో ఎవరో ఒకరు నీళ్లు వదిలే మనిషి దగ్గరికి పోయి "మా గంట వాళ్లకి తిప్పెయ్" అంటారు, అంతే.

ఇరవై ఆరేళ్లు ఆ నీళ్లు వదిలిన మనిషి నా భర్త ఫిదెన్సియో. ఎన్ని చావిళ్లకి తిప్పాడో నాకు తెలియదు. పోయిన గురువారం పొద్దున్న కింది వీధి మొదట్లో, వాల్వు గుంత పక్కన రాతి అంచు మీద కూర్చుని చనిపోయాడు. అరవై ఒక్క ఏళ్లు. డాక్టరు గుండె అన్నాడు. శుక్రవారం మధ్యాహ్నం మట్టి చేశాం.

శనివారం మా కుళాయికి నీళ్లు రాలేదు.

పొద్దున్న ఆరింటినుంచి కుళాయి తిప్పి పెట్టి, కింద పెద్ద కుండ ఉంచి, పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఎనిమిది దాటాక తలుపు అవతల చోనా గొంతు వినిపించింది. పక్కింటావిడ. ఆమె కొడుకుని బాప్తిస్మంలో ఎత్తుకున్నది మేమే, అందుకని ఒకరినొకరం కొమాద్రె అని పిలుచుకుంటాం.

"తలుపు తియ్యి కొమాద్రె, రెండు చేతులూ ఖాళీ లేవు."

రెండు బకెట్లు తెచ్చింది. అడుగున ఇసుక కదులుతోంది.

"పిండి కలుపుకోవడానికి పనికొస్తాయి. తాగడానికి వద్దు, డ్రమ్ము అడుగువి."

"ఇవాళ చర్చి వీధి వంతు కదా?" అని అడిగాను.

"ఊఁ."

"వాళ్లకి వచ్చాయా?"

"నీళ్ల కమిటీవాళ్లే వదిలారు. అరగంట వచ్చాయట. సన్నగా." చోనా నా వైపు చూడకుండా కుండను పక్కకి జరిపింది. "ఎవరికీ కోపం కాదు కొమాద్రె. పదకొండు రోజులకొక్కసారి వచ్చే నీళ్లు. ఏ ఆడది ఇస్తుంది చెప్పు?"

"ఫిబ్రవరిలో ఆ ముసలమ్మ దోన్యా త్రాన్సితో చనిపోయినప్పుడు ఇచ్చారు. అప్పుడూ పదకొండు రోజులే."

"త్రాన్సితో ముసలమ్మ వేరు. ఆవిడ ఏనాడైనా నీళ్లున్నాయని ఎవరికైనా చెప్పిందా?"

అనేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత నా భుజం పట్టుకుంది. నేను బకెట్లు లోపల పెట్టుకున్నాను.

ఆమె అన్నది ఏమిటో ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు. తెలియనిది ఒకటి ఉంది. అది నాకూ ఆయనకూ మాత్రమే తెలుసని అప్పటిదాకా అనుకుంటూ ఉన్నాను.

ఆరేళ్ల కిందట రాజధాని నుంచి పెట్టుబడుల ఆఫీసువాళ్లు ఒక జాబితా పట్టుకుని మా ప్రాంతమంతా తిరిగారు. కార్ల సీట్ల బట్టకు రంగులద్దే కంపెనీ ఒకటి స్థలం వెతుకుతోంది. రోడ్డుందా? నాలుగు వరసల రహదారి మా పక్కనుంచే పోతుంది. కరెంటుందా? సబ్‌స్టేషన్ మూడు కిలోమీటర్లు. గ్యాసు పైపులైను మా పొలాల కిందనుంచే పోతుంది. దాని గుర్తుకోసం పాతిన పసుపు స్తంభాలకు మావాళ్లు గాడిదలు కట్టేస్తారు. సరుకు ఎక్కించే రైలు పట్టా పన్నెండు కిలోమీటర్లు. ఇవేవీ మా కోసం వేసినవి కావు. ఒక్కొక్కదాని ఎదురుగా ఆ అధికారి టిక్కు పెట్టుకుంటూ పోతుంటే, ఇన్నేళ్లూ ఇన్ని సదుపాయాల మధ్య బతికామా అని మాకే ఆశ్చర్యం వేసింది.

చివరి గడిలో నీళ్లు. దానికి పరీక్ష ఉంటుందని, రెండు వారాల్లో ఇంజనీరు వచ్చి బోరు నడిపి చూస్తాడని చెప్పి వెళ్లారు.

ఆ కంపెనీ రావాలని నేను ఎంతగా కోరుకున్నానో చెప్పాలి. నేను ఈ ఊరి బడికి టీచరుగా వచ్చిన ఏడాది నా క్లాసులో నలభై ఒక్కమంది. ఆ జాబితా వచ్చిన ఏడాదికి పదిహేడుమంది. మిగిలిన కుటుంబాలు ఉత్తరానికి, రాజధానికి, ఎక్కడ పని దొరికితే అక్కడికి వెళ్లిపోయాయి. ఇంకో ఇద్దరు తగ్గితే బడిని పక్క ఊరి బడిలో కలిపేస్తామని జిల్లా నుంచి కాగితం వచ్చింది. ప్రతి ఆగస్టులో హాజరు పట్టీ రాస్తున్నప్పుడు కింద మిగిలిపోయే ఖాళీ గీతలు చూడలేకపోయేదాన్ని.

ఊరి సభ మా బడి వసారాలోనే జరుగుతుంది. నీళ్ల కమిటీ పెద్ద దోన్ అబుందియో, మేకల వ్యాపారి. లేచి నిలబడి టోపీ వెనక్కి తోసుకున్నాడు.

"చుట్టం వస్తున్నాడంటే చీపురు పట్టుకోమా? ఇదీ అంతే. ఎనిమిది రోజులు అన్ని వీధుల వంతులూ ఆపేద్దాం. బోరుకి విశ్రాంతి దొరుకుతుంది. ట్యాంకు నిండుతుంది. వాళ్లు వచ్చిన రోజు గొట్టం తిప్పితే ఏనుగు తొండంలా కొట్టాలి నీళ్లు."

"ఎనిమిది రోజులు స్నానాల్లేకపోతే మన వాసనకే పారిపోతారు దోన్ అబుందియో!"

"నువ్వేదో మామూలప్పుడు చేస్తున్నట్టు చెప్తావేంట్రా?"

"చేస్తాడండీ, పెళ్లిళ్లకి."

"ఎవరి పెళ్లికి? మా పెళ్లికి కూడా చెయ్యలేదు, నేనున్నాగా పక్కన!" అంది స్నానాల మాట ఎత్తినవాడి భార్య. వసారా అంతా నవ్వులు.

అందరూ చేతులెత్తారు. ఎవరికీ అది మోసమని అనిపించలేదు. ఊరేగింపు పోయేరోజు వాడని కొత్త దుప్పట్లు తీసి కిటికీలకు వేలాడదీసే ఊరు మాది. వచ్చినవాళ్లకి ఇంట్లో మంచివి కనపడాలి, అంతే అనుకున్నాం.

ఆ సాయంత్రం భోజనం దగ్గర ఫిదెన్సియో తన నోటుబుక్కు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ప్రతి సోమవారం బోరు పక్క గొట్టంలోంచి తాడు దించి నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో కొలిచి అందులో రాసేవాడు. మూడో తరగతితో బడి మానేసిన మనిషి. పెద్దవాళ్లకి నేను సాయంత్రం చదువు చెప్పే రోజుల్లో వెనక బల్లలో కూర్చుని మళ్లీ అక్షరాలు దిద్దాడు. మా పరిచయం అలాగే. ఆయన అంకెలు గుండ్రంగా, కష్టపడి రాసినట్టుండేవి.

"ఒదీలియా, ఒకటి చెప్పు. ఇంజనీరు వచ్చాక నన్నే అడుగుతాడు, బోరు మనిషిని నేనే కాబట్టి. ఏడాది పొడుగునా ఇలాగే నీళ్లిస్తుందా అంటే ఏం చెప్పను?"

"నువ్వేం చెప్దామనుకుంటున్నావ్?"

"ముందటేడాది ఎనభై ఎనిమిది మీటర్లు. పోయినేడు తొంభై. ఇప్పుడు తొంభై రెండు." వేలితో ఒక్కొక్క అంకె కింద గీసి చూపించాడు. "కిందికి పోతోంది. ఉన్నది చెప్పనా?"

"మోటారు ఎంత లోతులో ఉంది?"

"నూట ఇరవై."

మనసులో లెక్క వేసుకున్నాను. ఇరవై ఎనిమిది మీటర్లు, ఏడాదికి రెండు, పద్నాలుగేళ్లు. ఫ్యాక్టరీ తాగే నీళ్లు ఆ లెక్కలో కలపాలని నాకు తెలుసు. కలిపి వెయ్యలేదు. ఎవరైనా పిల్లవాడు లెక్క అలా సగంలో ఆపి తెస్తే నేను వెనక్కి పంపేదాన్ని.

"ఇస్తుందని చెప్పు" అన్నాను.

"అంతేనా?"

"అంతే. ఇంకేం మాట్లాడకు."

నోటుబుక్కు మూశాడు. "నువ్వన్నావంటే సరే. మాటల సంగతి నీకు తెలుసు."

ఇంజనీరు వచ్చిన రోజు ఊరంతా బోరు దగ్గరే ఉంది. నా పిల్లలు యూనిఫాంలో, చేతుల్లో కాగితం జెండాలతో వరసగా నిలబడ్డారు. మోటారు వేశారు. ఎనిమిది రోజులు దాచిన నీళ్లు నిజంగానే తొండంలా కాలవలోకి దూకాయి. ముసలివాళ్లు దగ్గరికి పోయి చేతులు తడుపుకుని మొహాలకు రాసుకున్నారు. పిల్లలు బూట్లతోనే కాలవలోకి దిగారు. నేను వద్దనలేదు. ఒక రాత్రీ ఒక పగలూ నడపాలని ఇంజనీరు కాగితంలోనే ఉందట. కానీ మేయరు నిప్పుల గుంతలో కాల్పించిన గొర్రెమాంసం పైకి తీసి సిద్ధంగా ఉంది, అతిథులు ఆకలిమీద ఉన్నారు. ఆరు గంటలు నడిపి ఆపేశారు.

ఆ తర్వాత మేయరు మైకు ఇంజనీరు చేతికిచ్చాడు. అతను కుర్రవాడు, మర్యాదస్తుడు. నవ్వుతూ అడిగాడు.

"దోన్ ఫిదెన్సియో, కొలతలు నేను రాసుకున్నాను. కానీ ఈ బోరుతో రోజూ ఉండేది మీరు. మీరే చెప్పండి, ఏడాది పొడుగునా ఇలాగే ఇస్తుందా?"

ఫిదెన్సియో మైకు వైపు చూడలేదు. పిల్లల వరస చివర నిలబడ్డ నా వైపు చూశాడు. నేను తల ఊపాను.

"ఇస్తుంది" అన్నాడు.

మైకులోంచి ఆ మాట కొండదాకా పోయి వెనక్కి వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. కాగితం మీద, నేను నేర్పిన అక్షరాలతో, సంతకం పెట్టాడు.

కంపెనీ వచ్చింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, మొదటి మూడేళ్లు బాగున్నాయి. ఊరినుంచి అరవై నాలుగుమందికి పని దొరికింది. పొద్దున్న ఐదున్నరకి తెల్ల బస్సు వచ్చేది. వీధి దీపాలు వచ్చాయి. రెండు కుటుంబాలు ఉత్తరం నుంచి తిరిగొచ్చాయి. నా క్లాసులో ఇరవై ఎనిమిదిమంది అయ్యారు. బడి కలిపేసే మాట ఇక ఎవరూ ఎత్తలేదు. ఆ రోజుల్లో సాయంత్రం బడి తాళం వేస్తూ, నేను మంచిపనే చేశాననుకునేదాన్ని.

కంపెనీ తన ఆవరణలో మూడు బోర్లు వేసింది, మా బోరుకంటే రెండింతల లోతు. పరీక్ష కాగితంలో ఉన్న నీళ్లకే అనుమతి తీసుకుంది. ఎక్కడా దొంగతనం లేదు. నాలుగో ఏడాది మా వంతు రోజు మార్చి రోజు నుంచి మూడు రోజులకి పోయింది. తర్వాత వారానికి. తర్వాత పదకొండు రోజులకి. కమిటీ రాజధానికి వెళ్లింది, నేనూ ఫిదెన్సియో కూడా వెళ్లాం. ఆఫీసులో ఒక ఆవిడ ఫైలు తీసి, కాగితం మా వైపు తిప్పి పెట్టింది. "మీ ఊరి మనిషే చెప్పారు కదండీ. ఇదిగో సంతకం." తిరిగొచ్చే బస్సులో నేను ఫిదెన్సియో పక్కన కూర్చున్నాను. మూడు గంటల ప్రయాణం. కిటికీలోంచి బయటికే చూస్తూ వచ్చాను.

ఆ తర్వాత ఆయనకి 'ఇస్తుంది గారు' అని పేరు పెట్టారు. దోన్ ఇస్తుంది. వాల్వు తిప్పడానికి వీధిలోకి వస్తే కిటికీల్లోంచి వినిపించేది. "ఏం దోన్ ఇస్తుందీ, ఇవాళ ఇస్తుందా?" "అడక్కు, గాలి ఇస్తుంది!" ఆడవాళ్లు ఖాళీ బకెట్లు ఆయన కాళ్ల దగ్గర బోర్లించేవాళ్లు. ఒకరోజు నా క్లాసులోనే విన్నాను. లెక్క రాని పిల్లవాణ్ణి పక్కవాడు "దోన్ ఇస్తుంది" అన్నాడు. నేను బోర్డు వైపు తిరిగి తేదీ రాస్తూ ఉండిపోయాను. ఆ తేదీని చాలాసేపు రాశాను.

ఆయన ఎవరికీ నా పేరు చెప్పలేదు. ఇంట్లో కూడా ఒక్కసారే ఆ ప్రస్తావన వచ్చింది. పాదాలు నీళ్లులేని తొట్టి అంచున పెట్టుకుని మట్టి దులుపుకుంటూ "నువ్వు మంచికే అన్నావు" అన్నాడు. నేను జవాబు చెప్పి ఉండాల్సింది. అన్నం చల్లారిపోతోందని మాత్రం అన్నాను.

ఆ గురువారం కింది వీధి వంతు. ఆయన పోవడంతో వాళ్లకి నీళ్లు వదలలేదు. తప్పిపోయిన ఆ వంతును సోమవారానికి పెట్టారు. మధ్యలో ఆదివారం, ప్రార్థనల మూడో రోజు, సభ పిలిచారు. వాల్వు పని ఇక ఎవరు చూడాలో తేల్చడానికి. నేను నల్ల శాలువా కప్పుకుని వెళ్లి వెనక గోడ దగ్గర నిలబడ్డాను. నా బడే అయినా ఆ రోజు లోపలికి రావడానికి గుమ్మం దగ్గర కాసేపు ఆగాల్సివచ్చింది. నన్నెవరూ గమనించలేదు.

"నాకొద్దు బాబోయ్. మొదటి తిట్టు మా అత్తే తిడుతుంది."

"తిట్లు నీకు అలవాటేగా, ఇక్కడైతే పైన జీతం కూడా."

"దోన్ ఇస్తుంది ఉన్నన్నాళ్లూ మనకి హాయి. తిట్టడానికి ఒక మనిషుండేవాడు."

కొందరు నవ్వారు. ఎవరో నన్ను చూశారు. నవ్వు ఆగిపోయింది.

"దోన్ అబుందియో, నేను రెండు మాటలు మాట్లాడాలి" అన్నాను.

అబుందియో టోపీ తీశాడు. "చెప్పండి మాయెస్త్రా." ఊళ్లో టీచర్ని అలాగే పిలుస్తారు.

ముప్పై నాలుగేళ్లుగా ఆ వసారాలో మాట్లాడుతున్నదాన్ని. ఆ రోజు గోడ దగ్గరినుంచి ముందుకు రాలేకపోయాను. అయినా చెప్పాను. సోమవారాల కొలతలు చెప్పాను. ఎనభై ఎనిమిది, తొంభై, తొంభై రెండు. ఉన్నది చెప్పనా అని ఆయన నన్ను అడిగాడని చెప్పాను. వద్దు, ఇస్తుందని చెప్పమన్నది నేనని, మైకు ముందు ఆయన నా వైపు చూస్తే తల ఊపింది నేనని చెప్పాను. "మీరు పెట్టిన పేరు నాది. ఇన్నాళ్లూ ఆయన మోశాడు. తొమ్మిది రోజుల నీళ్లు నేను అడగను. ఆయనకి రావలసినవి అవి. ఇవ్వడం మానడం మీ ఇష్టం."

ముందు వరసలోంచి ఇమెల్దా లేచింది. నా దగ్గర చదువుకున్న పిల్ల. ఇప్పుడు ఫ్యాక్టరీలో రంగుల తొట్ల దగ్గర పని. వేళ్ల చివర్లు నీలంగా ఉంటాయి.

"ఇప్పుడు చెప్తున్నారేంటి మాయెస్త్రా? ఆరేళ్లూ ఏం చేశారు?"

"భయపడ్డాను" అన్నాను. "మీ పిల్లల్ని నా దగ్గరికి పంపరని. అంతకంటే పెద్ద కారణమేమీ లేదు."

"మా అబ్బాయి ఆయన మీద రాయి వేశాడు. పోయిన నెల. వాణ్ణి నేనేమీ అనలేదు." ఇమెల్దా కూర్చోబోయి మళ్లీ నిలబడింది. "మీరు ఒక్క మాట చెప్పుంటే..."

వెనకనుంచి ఒక మగ గొంతు, "పోయినవాణ్ణి మంచివాణ్ణి చెయ్యడానికి కథలల్లుతోంది ఈవిడ" అంది.

"నోర్ముయ్" అన్నాడు అబుందియో. చాలాసేపు టోపీని చేతుల్లో తిప్పాడు. "కథ కాదు. ఆ నోటుబుక్కు నాకూ చూపించాడు. సభ అయిన మర్నాడు, మేకల దొడ్డి దగ్గరికొచ్చి. దోన్ అబుందియో, ఇది తగ్గుతోంది, చెప్పమంటారా అన్నాడు. నేను... తూకం వేసేముందు మేకకి కడుపునిండా నీళ్లు తాగించమా ఫిదెన్సియో, పోయి నీ పని చూసుకో అన్నాను."

చర్చి గంట కొట్టే దోన్ మెలితోన్, తొంభైకి దగ్గర పడ్డ మనిషి, కూర్చున్నచోటినుంచే చెయ్యెత్తాడు.

"నా దగ్గరికీ వచ్చాడు. వానలు పడితే నిండుతుందిలే పో అన్నాను."

నేను మిగిలినవాళ్ల మొహాలు చూశాను. పిల్లల మొహాలు చదవడం నా పని, వీళ్లలో చాలామంది ఒకప్పుడు నా ముందు కూర్చున్నవాళ్లే. కింద నేలకేసి చూస్తున్నవాళ్లు నలుగురో ఐదుగురో ఉన్నారు. ఆయన నా ఒక్కదాని మాటే విన్నాడని ఆరేళ్లూ అనుకున్నాను. నా మాట తీసుకున్నాక కూడా, వద్దు నిజం చెప్పు అనే మనిషి ఒక్కరైనా దొరుకుతారేమోనని ఇల్లిల్లూ తిరిగాడు. ఎవరూ దొరకలేదు. ఆ ఒక్క మనిషి ఇంట్లోనే ఉండాల్సింది.

ఇమెల్దాది కింది వీధి. ఈసారి కూర్చునే మాట్లాడింది.

"రేపు మా వంతు. మాకు నీళ్లొచ్చి పద్నాలుగు రోజులైంది." అబుందియో వైపు తిరిగింది. "మా గంట వాళ్లకి తిప్పెయ్యండి."

"గంటేంటే?" అంది ఆమె పక్కన కూర్చున్న ముసలావిడ. "ఇచ్చేదేదో మొత్తం ఇచ్చెయ్. గంటే ఇస్తే మిగతాది మనం వెనక్కి అడిగినట్టుంటుంది."

కింది వీధివాళ్లు ఒకరి తర్వాత ఒకరు తలలూపారు. చేతులెత్తమని అబుందియో అడగలేదు.

సోమవారం పొద్దున్న ఆరింటికి మా వాకిలి నిండిపోయింది. చోనా పెద్ద కుండ కుళాయి కింద పెట్టి, దాని అంచుని తన శాలువా కొసతో తుడిచింది. ఆడవాళ్లు నానబెట్టాల్సిన మొక్కజొన్నలు గంపల్లో తెచ్చారు. కింది వీధివాళ్లు పందొమ్మిది ఇళ్లనుంచీ వచ్చారు. ఒక్కరి చేతిలోనూ బకెట్టు లేదు. మాకూ కాస్త పొయ్యమన్నట్టు కనపడకూడదని ఇంటి దగ్గరే పెట్టి వచ్చారు. ఇమెల్దా కొడుకు తల్లి పక్కన నిలబడి ఉన్నాడు. ఆమె చెయ్యి వాడి మెడ మీద ఉంది.

వాల్వు గుంతలోకి అబుందియోనే దిగాడు. మోటారు వేసిన చప్పుడు వినిపించింది. కాసేపటికి మా పైపు కదిలింది. కుళాయి రెండుసార్లు దగ్గి, ఎర్రటి నీళ్లు ఒక గ్లాసుడు కుండలోకి ఉమ్మింది. ఎవరో "వస్తున్నాయి" అన్నారు.

తర్వాత గాలి వచ్చింది. సన్నగా, ఆగకుండా, ఎవరో మూసిన పెదాల మధ్యనుంచి ఊదుతున్నట్టు.

"ముందు గాలే వస్తుంది. ఆగండి" అంది చోనా.

ఆగాం. ఎండ మా ఎదురు గోడ మీదికి దిగింది. పావుగంట అయ్యుంటుంది. బోరు వైపు నుంచి అబుందియో పరుగులాంటి నడకతో వచ్చాడు. ప్యాంటు మోకాళ్లదాకా మట్టి.

"ఆపించేశాను. మోటారు గాలి పీలుస్తోంది. ఇంకాసేపు నడిపితే కాలిపోతుంది." ఊపిరి అందుకుని "నీళ్లు మోటారు కిందికి పోయాయి" అన్నాడు.

"మధ్యాహ్నం మళ్లీ చూద్దాం" అంది ఇమెల్దా.

"చూద్దాం" అన్నాడు అబుందియో. చూసి లాభం లేదని ఆయన గొంతులోనే ఉంది. నా దగ్గరికొచ్చి టోపీ తీసి ఛాతీకి పెట్టుకున్నాడు. "మేం ఇచ్చాం మాయెస్త్రా. దేవుడి తోడు, కింది వీధి మొత్తం ఇచ్చింది."

"తెలుసు దోన్ అబుందియో. ఇచ్చారు."

కింది వీధివాళ్లు వాకిట్లోనే నిలబడిపోయారు, ఎలా వెళ్లాలో తెలియనట్టు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి, చెయ్యి పట్టుకుని, మీ నీళ్లు అందాయి అన్నాను. అలా అనాలని ముందు అనుకోలేదు. ముసలావిడ నా చెయ్యి వదలకుండా ఏడ్చింది. ఇమెల్దా కొడుకు దగ్గరికి వచ్చేసరికి వాడి తల మాత్రం నిమిరి పక్కకి జరిగాను. వాళ్లంతా వెళ్లాక కుళాయి కట్టేశాను.

ఆ సాయంత్రం ప్రార్థనకి ఇల్లు పట్టలేదు. బడినుంచి బెంచీలు తెచ్చి వీధిలో వేశారు. మొదటి మూడు రోజులూ రానివాళ్లు వచ్చారు. రాజధానికి వెళ్లిన రోజు బస్సులో ఆయన్ని చూసి మొహం తిప్పుకున్నవాళ్లు కూడా వచ్చారు. ప్రార్థన చదివించిన దోన్ మెలితోన్ ప్రతి జపం చివరా ఆయన పేరు పూర్తిగా, తల్లి ఇంటిపేరుతో సహా పలికాడు. జావ లేదు. తమాలెలు లేవు. వచ్చినవాళ్లెవరికీ గుక్కెడు నీళ్లయినా ఇవ్వలేకపోయాను. ఎవరూ అడగలేదు. నడుమ నడుమ గొంతులు ఎండిపోయి ఒక్కొక్కరే ఆగిపోతూ, ఇంకొకరు అందుకుంటూ, చివరిదాకా చదివారు.